జింగనూర్ నుంచి విమానం ఎక్కాలంటే ముందు రోజే బస్సెక్కాలి

హైదరాబాద్‌లో ఎక్కిన విమానం గంటా పావులో బెంగళూరులో దింపుతుంది. జింగనూర్ నుంచి ఆ విమానం దాకా వెళ్లడానికి మాత్రం రెండు రోజుల లెక్క వేసుకోవాలి. పన్నెండో తరగతి దాటిన పిల్లలు నర్సింగ్ కాలేజీలనీ, ఇంటర్వ్యూలనీ, ట్రైనింగులనీ దూరాలు పోతున్న రోజులివి. టికెట్‌కు ఇబ్బంది లేదు, సెల్‌ఫోన్‌లో ఐదు నిమిషాల్లో దొరుకుతుంది. ఆ టికెట్ పట్టుకుని ఎయిర్‌పోర్టు గేటు దాకా ఎలా పోవాలన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. ఇంట్లో ఎవరూ అంతకు ముందు పోయి ఉండరు. చివరికి భయపడి ఒక ప్రైవేటు బండి మాట్లాడుకుంటారు. విమాన టికెట్ కన్నా ఆ బండి కిరాయే ఎక్కువవుతుంది.

అంత ఖర్చు అవసరం లేదని చెప్పడానికే ఈ వ్యాసం. ప్రభుత్వ బస్సులు, రైళ్ల మీదే ఎయిర్‌పోర్టుకు చేరవచ్చు. కాకపోతే ఎక్కడ దిగాలో, ఏ బోర్డు చదవాలో, ఏ కాగితం దగ్గర ఉంచుకోవాలో ముందే తెలియాలి. మన బడుల్లోని తల్లిదండ్రులకు, సార్లకు, మేడమ్‌లకు ఇది పనికొస్తుందని నమ్మకం.

మూడు నదుల మధ్య తాలూకా

సిరొంచ తాలూకాకు ఒక వైపు ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. నది దాటితే ఒక పక్క తెలంగాణ, ఇంకో పక్క ఛత్తీస్‌గఢ్. జింగనూర్ ఈ తాలూకాలో హైవేకు దూరంగా, అడవి లోపల ఉన్న ఊరు. ఇళ్లలో మాడియా గోండి, అంగట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ. 1982లో చంద్రపూర్ నుంచి విడదీసి గడ్చిరోలి జిల్లా చేశారు. జిల్లా కేంద్రం సిరొంచకు రెండు వందల కిలోమీటర్ల అవతల ఉంది. వరంగల్ అంతకన్నా దగ్గర. ఎయిర్‌పోర్టు లెక్క కూడా ఇలాగే ఉంటుంది. మన రాష్ట్రం నాగపూర్ వైపు చూపిస్తుంది, దారి హైదరాబాద్ వైపు పోతుంది.

ఈ ప్రాంతాన్ని బయటి ప్రపంచంతో కలపాలన్న ఆలోచన కొత్తది కాదు. 1860ల్లో సిరొంచ అప్పర్ గోదావరి జిల్లాకు ముఖ్య పట్టణం. విదర్భ పత్తిని పడవల్లో గోదావరి మీదుగా సముద్రం దాకా తీసుకుపోవాలని అప్పటి ఇంజనీర్లు పెద్ద పథకమే వేశారు. దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవలమర్రి దగ్గర నదిలో రాళ్లు అడ్డం వచ్చాయి. పనులు ఏళ్ల తరబడి సాగి 1871లో ఆగిపోయాయి. ఆ తర్వాత నూట నలభై ఏళ్లకు పైగా కాళేశ్వరం దగ్గర గోదావరి దాటాలంటే పడవే దిక్కు. ఇప్పుడు నది మీద వంతెన ఉంది. కాళేశ్వరం, సిరొంచ రెండు ఊళ్ల మధ్య షేర్ ఆటోలు తిరుగుతాయి. మన ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద మార్పు ఈ వంతెనే. విమానాశ్రయాల సంగతి దాని తర్వాతే.

ఏ ఎయిర్‌పోర్టు దగ్గర?

మ్యాపులో చూస్తే నాలుగు పేర్లు కనిపిస్తాయి. హైదరాబాద్ (శంషాబాద్), నాగపూర్, జగదల్‌పూర్, ఇంకా రాని వరంగల్.

జగదల్‌పూర్‌కు 63వ నంబరు జాతీయ రహదారి మీద, ఇంద్రావతి వంతెన దాటి భోపాలపట్నం, బీజాపూర్ మీదుగా పోవచ్చు. 2020 సెప్టెంబరులో అక్కడ మళ్లీ విమానాలు మొదలయ్యాయి. కానీ దూరం రెండు వందల కిలోమీటర్ల పైమాటే, విమానాలు కొన్నే. పేరుకు దగ్గర, పనికి దూరం.

వరంగల్ దగ్గర మామునూరు నిజాం కాలపు విమానాశ్రయం. దాన్ని మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. అది నిజంగా తెరుచుకుంటే సిరొంచ తాలూకాకు అంతకన్నా అనుకూలమైన ఎయిర్‌పోర్టు ఉండదు. అయితే ఒక మాట. మామునూరులో విమానం దిగినా, అక్కడి నుంచి హనుమకొండ బస్టాండుకు, అక్కడి నుంచి కాళేశ్వరానికి బస్సు దొరక్కపోతే మన కష్టం అట్లాగే ఉంటుంది. ఎయిర్‌పోర్టు కావాలని అడిగేవాళ్లు బస్సు కావాలని కూడా అప్పుడే అడగాలి.

కాబట్టి ఇవాళ్టికి మిగిలినవి రెండే: శంషాబాద్, నాగపూర్. సిరొంచ నుంచి శంషాబాద్‌కు మూడు వందల కిలోమీటర్లు అనుకోవచ్చు. నాగపూర్‌కు మూడు వందల యాభై దాటుతుంది. పైగా ఆలాపల్లి – సిరొంచ రోడ్డు వంద కిలోమీటర్లు. ఆ రోడ్డు మీద వానాకాలం బస్సెక్కినవాళ్లకు దాని గురించి వేరే చెప్పనక్కర్లేదు.

వెనక నుంచి లెక్క

విమాన ప్రయాణానికి లెక్క ఎప్పుడూ వెనక నుంచి వేయాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. జింగనూర్ అమ్మాయి ఒకతికి బెంగళూరులో అడ్మిషన్ పని పడిందనుకోండి. శంషాబాద్‌లో విమానం ఉదయం 11.30కు. టికెట్ చౌకగా ఉందని అదే తీసుకున్నారు.

దేశీయ విమానాలకు ఎక్కువ సంస్థలు గంట ముందు లగేజీ కౌంటర్ మూసేస్తాయి. అంటే 10.30 తర్వాత పోతే బతిమాలినా లాభం లేదు. రైలు కదులుతుంటే ఎక్కినట్టు ఇక్కడ కుదరదు. సెక్యూరిటీ తనిఖీ ఉంటుంది, మొదటిసారి పోయేవాళ్లకు గేటు వెతుక్కోవడానికి సమయం పడుతుంది. అందుకని 9.30కు టెర్మినల్ ముందు ఉండాలి. ఉప్పల్ నుంచి ఎయిర్‌పోర్టు బస్సుకు గంటన్నర ఇవ్వండి. 8 గంటలకు ఉప్పల్‌లో బస్సెక్కాలి. హనుమకొండ నుంచి ఉప్పల్‌కు మూడు గంటలు. అంటే తెల్లవారుజామున నాలుగున్నరకు హనుమకొండలో బస్సులో కూర్చుని ఉండాలి. కాళేశ్వరం నుంచి హనుమకొండకు మహదేవపూర్, కాటారం, భూపాలపల్లి, పరకాల మీదుగా ఇంకో మూడు గంటలు. రాత్రి ఒంటి గంటకు కాళేశ్వరంలో బస్సెక్కడ దొరుకుతుంది?

కాబట్టి ఆ టికెట్ చౌక కాదు. ముందు రాత్రి హైదరాబాద్‌లోనో హనుమకొండలోనో తెలిసినవాళ్ల ఇంట్లో పడుకోవాలి, లేదా లాడ్జికి డబ్బులు పెట్టాలి.

అదే సాయంత్రం 5 గంటల విమానం తీసుకుంటే? 3 గంటలకు టెర్మినల్. ఒంటి గంటకు ఉప్పల్, అరగంట అటూ ఇటూ అయినా పరవాలేదు. పొద్దున పదింటికి హనుమకొండ. ఆరున్నరకు కాళేశ్వరం. ఇది కుదురుతుంది, కానీ సిరొంచవాళ్లకే కుదురుతుంది. జింగనూర్ పిల్ల ముందు రోజు మధ్యాహ్నానికే సిరొంచ చేరి అక్కడ చుట్టాల ఇంట్లో ఉండాలి. సిరొంచవాళ్లకు ఒక రోజు ప్రయాణం, జింగనూర్‌వాళ్లకు రెండు రోజులు. ఆ తేడా మొత్తం తాలూకా లోపలి దారిలోనే ఉంది.

జూలై నుంచి సెప్టెంబరు దాకా ఇంకో రోజు కలపండి. వాగులు పొంగితే లోపలి ఊళ్ల నుంచి బస్సు రాదు. 2022 జూలైలో గోదావరి వరద సిరొంచ ప్రాంతాన్ని ఎలా ముంచిందో ఇంకా గుర్తుంది. పుష్కరాల రోజుల్లో వాన లేకపోయినా ఇదే సంగతి. 2025 మేలో సరస్వతీ పుష్కరాలప్పుడు కాళేశ్వరం దారంతా జనమే. అలాంటి తేదీల్లో విమాన టికెట్ కొనేముందు క్యాలెండర్ చూసుకోవాలి.

ఉప్పల్ దగ్గరే దిగండి

ఎక్కువమంది చేసేదేమిటంటే, హనుమకొండ బస్సులో చివరిదాకా కూర్చుని ఎంజీబీఎస్‌లోనో జేబీఎస్‌లోనో దిగి, అక్కడ ఎయిర్‌పోర్టు బస్సు కోసం వెతుకుతారు. ఆ ట్రాఫిక్‌లో గంట పోతుంది. వరంగల్ వైపు బస్సులు ఘట్‌కేసర్ దాటి ఉప్పల్ మీదుగానే నగరంలోకి వస్తాయి. సికింద్రాబాద్ నుంచి తార్నాక, ఉప్పల్, ఎల్బీనగర్ మీదుగా ఎయిర్‌పోర్టుకు పోయే ఆర్టీసీ పుష్పక్ బస్సులు ఉన్నాయి. ఉప్పల్‌లో దిగి అక్కడే ఇది ఎక్కితే నగరం నడిబొడ్డుకు పోవలసిన పనే ఉండదు. ఉప్పల్ దగ్గర ఫ్లైఓవర్ పనులు ఏళ్లుగా సాగాయి, ఆ రోడ్డు మీద ఎప్పుడైనా బండ్లు ఆగిపోవచ్చు. ఒక అరగంట ఎక్కువే పెట్టుకోండి.

పుష్పక్ ఏసీ బస్సు. 2019 మార్చిలో ఆర్టీసీ 40 ఎలక్ట్రిక్ బస్సులు తెచ్చి ఎక్కువగా ఈ ఎయిర్‌పోర్టు దారిలోనే పెట్టింది. సిటీ బస్సు కన్నా టికెట్ ఎక్కువ, క్యాబ్ కన్నా బాగా తక్కువ. లగేజీ పెట్టుకోవడానికి చోటు ఉంటుంది. నేరుగా టెర్మినల్ దగ్గరే దింపుతుంది. జేబీఎస్, మియాపూర్ వైపుల నుంచి కూడా ఈ బస్సులు ఉన్నాయి. కాజీపేట నుంచి రైల్లో వచ్చేవాళ్లు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరే ఎక్కవచ్చు.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. ఎర్ర బస్సు కండక్టర్‌ను "శంషాబాద్ పోతదా?" అని అడుగుతారు. పోతుంది. శంషాబాద్ ఊరికి పోతుంది. ఎయిర్‌పోర్టు ఆ ఊరి బస్టాప్ నుంచి ఇంకా కొన్ని కిలోమీటర్ల దూరం. లగేజీతో అక్కడ దిగితే మళ్లీ ఆటో. అందుకే "శంషాబాద్" అనకూడదు, "ఎయిర్‌పోర్టు టెర్మినల్‌కు పోతదా అన్నా?" అని అడగాలి. ఎంఎంటీఎస్ రైలు ఉందానగర్ దాకా పోతుంది, ఎయిర్‌పోర్టుకు అదే దగ్గరి స్టేషన్ అని మ్యాపు చూపిస్తుంది. దగ్గరే గానీ లోపలికి కాదు. మొదటిసారి పోయేవాళ్లకు ఆ దారి వద్దు.

పెద్దవాళ్లలో కొందరికి ఇంకా బేగంపేటే విమానాశ్రయం. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచినప్పటి నుంచి మామూలు ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి లేవు. తాత చెప్పాడని బేగంపేటకు పోకండి.

హైదరాబాద్ మెట్రో ఇంకా ఎయిర్‌పోర్టుకు రాలేదు. రాయదుర్గం నుంచి 31 కిలోమీటర్ల లైనుకు 2022 డిసెంబరు 9న శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వం మారాక ఆ దారి పక్కన పెట్టి, నాగోల్ నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా కొత్త లైను ప్రతిపాదించారు. 2024 చివర్లో ఆ రెండో దశ వివరాలు కేంద్రానికి పోయాయి. ఉత్తరాన్నుంచి వచ్చే మనకు ఈ కొత్త దారే అనుకూలం, ఎందుకంటే నాగోల్ ఉప్పల్ పక్కనే. అది కాగితం మీది నుంచి నేల మీదికి వచ్చేదాకా పుష్పకే మన మెట్రో.

నాగపూర్ వైపు పోతే

అహేరి, ఆలాపల్లి వైపు చుట్టాలున్నవాళ్లు, జిల్లా ఆఫీసులో పని కలిసొచ్చినవాళ్లు నాగపూర్ నుంచి విమానం ఎక్కుతారు. ఎస్టీ బస్సులో బల్లార్షా చేరి అక్కడి నుంచి రైలు పట్టుకోవచ్చు. కాజీపేట – నాగపూర్ లైనులో అది పెద్ద జంక్షన్.

నాగపూర్‌లో ఒక సౌకర్యం ఉంది, హైదరాబాద్‌లో లేనిది. అక్కడ మెట్రో 2019 మార్చిలోనే ఎయిర్‌పోర్టు వైపు నడవడం మొదలైంది. రైల్వే స్టేషన్ దగ్గర మెట్రో ఎక్కి, సీతాబర్డీలో లైను మారి, వర్ధా రోడ్డు మీది ఎయిర్‌పోర్టు స్టేషన్‌లో దిగాలి. గమనించండి, ఎయిర్‌పోర్టు అని ఒక స్టేషన్, ఎయిర్‌పోర్టు సౌత్ అని ఇంకొకటి వరుసగా ఉంటాయి. టెర్మినల్‌కు పోవాలంటే మొదటిదే. అక్కడ దిగినా టెర్మినల్ కిలోమీటరు దాకా దూరం. సంచి చిన్నదైతే నడవచ్చు, లేకపోతే ఆటో.

ముంబైలో మన తెలుగు బడుల పిల్లల తల్లిదండ్రులకు ఈ కష్టం ఇప్పుడు లేదు. 2025లో తెరిచిన భాగంతో మూడో లైను భూగర్భ మెట్రో వర్లీ, ధారావిల నుంచి నేరుగా విమానాశ్రయం రెండు టెర్మినళ్లకూ పోతుంది. కామాఠీపురాలో, వర్లీ చాళ్లలో తరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలు ఇప్పుడు లోకల్ రైలు టికెట్ తీసుకున్నంత తేలిగ్గా ఎయిర్‌పోర్టు టికెట్ తీసుకుంటున్నాయి. ఒకే రాష్ట్రం, ఒకే భాషా మైనారిటీ. ఒకరికి రెండు రోజులు, ఒకరికి అరగంట.

బోర్డు ఏ లిపిలో ఉంది?

ఈ పేజీ చదివేవాళ్లకు అసలు సంగతి ఇక్కడుంది. సిరొంచ తాలూకాలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో మరాఠీ చదివే పిల్లలు చాలామంది. వాళ్లు హనుమకొండ బస్టాండులో దిగితే చుట్టూ వినిపించే ప్రతి మాటా అర్థమవుతుంది, బస్సు మీది బోర్డు మాత్రం చదవలేరు. తెలుగు మాధ్యమం పిల్లలకు తెలుగు బోర్డు సమస్య కాదు. మహారాష్ట్రలో 2020 చట్టం తర్వాత అన్ని మాధ్యమాల బడుల్లో మరాఠీ తప్పనిసరి కాబట్టి దేవనాగరి కూడా నేర్చుకుంటున్నారు. ఈ ఒక్క విషయంలో మన బడి పిల్లలదే పైచేయి. రెండు వైపులా బోర్డు చదవగలిగేది వాళ్లే. మాతృభాష బడిలో చదివితే ఏం లాభమని అడిగే తల్లిదండ్రులకు చెప్పడానికి ఇది చిన్న జవాబే, కానీ చేతికి అందే జవాబు.

అంకెల గొడవ కూడా ఉంది. ఎస్టీ బస్టాండుల్లో టైముల పట్టిక దేవనాగరి అంకెల్లో రాసి ఉంటుంది. ఆర్టీసీ బస్టాండులో మామూలు అంకెలు. దేవనాగరిలో ఐదూ ఆరూ, ఒకటీ తొమ్మిదీ తడబడి చదివితే బస్సు పోతుంది. ఎయిర్‌పోర్టులో ఇంకో లెక్క, అక్కడ గడియారం 24 గంటలది. టికెట్ మీద 00.40 అని ఉంటే అది ఆ తేదీ మొదలైన నలభై నిమిషాలకు. అంటే 15వ తేదీ 00.40 విమానానికి 14వ తేదీ రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి. 15 రాత్రి పోయినవాళ్లకు విమానం ఉండదు, టికెట్ డబ్బులూ తిరిగి రావు.

పేరు తిరగబడితే

బస్సుకు పేరు అక్కర్లేదు. విమానానికి పేరే ముఖ్యం. టికెట్ మీది పేరు, గుర్తింపు కార్డు మీది పేరు ఒకటి కాకపోతే గేటు దగ్గరే ఆపుతారు.

మన పిల్లలకు ఇక్కడ రెండు రాష్ట్రాల పద్ధతులు కలిసి చిక్కు తెస్తాయి. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు, తర్వాత పిల్ల పేరు. తండ్రి పేరు కలపరు. మహారాష్ట్ర పద్ధతిలో పిల్ల పేరుతో తండ్రి పేరు, ఇంటిపేరు మూడూ ఉంటాయి. బడి రిజిస్టరులో ఒక వరుస, ఆధార్‌లో ఇంకో వరుస, బ్యాంకు పుస్తకంలో మరో వరుస. తెలుగు పేరును మరాఠీలో రాసి, మరాఠీ నుంచి ఇంగ్లీషులోకి మార్చేసరికి అక్షరాలు కూడా మారతాయి. ఊరి పేరే చూడండి. మనం జింగనూర్ అంటాం, మరాఠీలో ఝింగానూర్, ఇంగ్లీషులో కొందరు జడ్‌తో మొదలుపెడతారు. ఊరికి పరవాలేదు. మనిషికి ఇట్లా జరిగితే విమానం తప్పిపోతుంది.

టికెట్ తీసేటప్పుడు ఏ కార్డు చూపించబోతున్నారో దాన్ని ఎదురుగా పెట్టుకుని, అందులో ఉన్న ఇంగ్లీషు అక్షరాలే ఒక్కొక్కటిగా కొట్టాలి. మనసులో ఉన్న పేరు కాదు, కార్డులో ఉన్న పేరు. నెట్ సెంటర్ అబ్బాయి త్వరగా కొట్టేస్తే ఆపి చదివించుకోండి.

ఆధార్ ఒక్కటే కాదు, దేశం లోపలి విమానాలకు ఓటరు కార్డు, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, ఫొటో ఉన్న జాతీయ బ్యాంకు పాసుపుస్తకం కూడా చెల్లుతాయి. ప్రభుత్వ విద్యాసంస్థ ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు కూడా ఈ జాబితాలో ఉంది. 2017లో విమాన భద్రతా సంస్థ బీసీఏఎస్ ఈ జాబితా ఇచ్చింది. తల్లితోనో తండ్రితోనో వెళ్లే చిన్నపిల్లలకు, పెద్దవాళ్ల దగ్గర కార్డు ఉంటే, వేరే కార్డు అడగరు. హెడ్‌మాస్టర్లకు ఒక విన్నపం: బడి గుర్తింపు కార్డు ఇచ్చేటప్పుడు అందులో పేరు ఆధార్‌లో ఉన్నట్టే, ఇంగ్లీషులో కూడా వేయించండి. ఆధార్‌లోనే తప్పుంటే ఏడో తరగతిలోనే సరిచేయించండి. పన్నెండు తర్వాత, అడ్మిషన్ల వారంలో ఆ పని కాదు.

రాయితీ నది దగ్గర ఆగుతుంది

టికెట్ ఖర్చు విషయంలో కొందరు నిరాశ పడటం సహజం, ముందే తెలిస్తే మంచిది. మహారాష్ట్రలో 2023 మార్చి నుంచి ఎస్టీ బస్సుల్లో ఆడవాళ్లకు సగం టికెట్. 75 దాటిన ముసలివాళ్లకు ఉచితం. అయితే ఇవి రాష్ట్రం హద్దు దాకానే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. అది తెలంగాణ ఆడబిడ్డలకే, గుర్తింపు కార్డు చూపించాలి. గడ్చిరోలి చిరునామా ఉన్న ఆధార్‌తో కాళేశ్వరంలో ఎక్కితే పూర్తి టికెట్టే. కండక్టర్‌తో వాదించి లాభం లేదు, ఆయన చేతిలో ఏమీ లేదు. పుష్పక్‌లో తెలంగాణవాళ్లయినా డబ్బులు కట్టాల్సిందే.

నది ఇటు పక్క వదినకు ఒక రేటు, అటు పక్క ఆడబిడ్డకు ఒక రేటు అన్నమాట. రెండు ప్రభుత్వాలూ కనీసం సరిహద్దు తాలూకాల విద్యార్థుల వరకైనా ఒకరి పాసును ఇంకొకరు ఒప్పుకుంటే తప్పేమీ లేదు. వంతెన కట్టినప్పుడు కలిసిన రాష్ట్రాలు బస్సు పాసు దగ్గర కలవలేవా? బడి యాజమాన్య సమితి తీర్మానం చేసి రెండు డిపోలకూ పంపడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

బడిలో ఒక పీరియడ్

ఈ ప్రయాణాన్ని ఏడు, ఎనిమిది తరగతుల్లో ఒక పాఠంగా చెప్పుకోవచ్చు. లెక్కల సారు వెనక నుంచి సమయం లెక్క ఇవ్వవచ్చు. పైన చెప్పిన 11.30 విమానం, 5 గంటల విమానం రెండూ బోర్డు మీద రాసి పిల్లలనే లెక్క వేయమనండి. తమ ఊరు ఏదైతే అక్కడి నుంచి మొదలుపెట్టాలి. జింగనూర్ పిల్లల జవాబు, సిరొంచ పిల్లల జవాబు వేరుగా వస్తాయి, రెండూ సరైనవే. భాష మేడమ్ "సికింద్రాబాద్", "ఉప్పల్", "ఎల్బీనగర్", "విమానాశ్రయం" అన్న మాటలను తెలుగు, దేవనాగరి, ఇంగ్లీషు మూడు లిపుల్లో అట్టముక్కల మీద రాయించి ఆడించవచ్చు. దేవనాగరి అంకెలు రాయించవచ్చు. అప్పటిదాకా బస్టాండు కూడా చూడని పిల్లలకు నకిలీ టికెట్ ఒకటి చేసి ఇచ్చి, అందులో పేరు, తేదీ, సమయం, విమానం నంబరు చదివించండి. బాలభారతి పుస్తకంలో లేదని ఆగనక్కర్లేదు.

పెట్టె సర్దడం కూడా అదే పీరియడ్‌లో చెప్పవచ్చు. దేశీయ టికెట్లలో ఎక్కువగా కిందికి వేసే సామాను 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. కొడవలి, కత్తి, కత్తెర చేతి సంచిలో వద్దు. ఎండు కొబ్బరి కుడకలు విమానంలో ఒప్పుకోరు, నూనె ఉంటుంది కాబట్టి మంట అంటుకునే వస్తువు కింద లెక్క. నూనె తేలే పచ్చడి చేతి సంచిలో ఉంటే తనిఖీ దగ్గర తీయించే అవకాశం ఎక్కువ, గట్టిగా మూత బిగించి కింది సామానులో వేయాలి. పవర్ బ్యాంకు దీనికి తలకిందులు, అది చేతి సంచిలోనే ఉండాలి, కింది పెట్టెలో పెట్టకూడదు.

తిరుగు ప్రయాణం గురించి కూడా పోయేటప్పుడే అడిగి పెట్టుకోవాలి. బయటికి వచ్చాక "క్యాబ్, క్యాబ్" అంటూ వెంటపడేవాళ్లను దాటి, పుష్పక్ బోర్డు ఉన్న చోటికి పోవాలి. ఎక్కడో తెలియకపోతే యూనిఫాం వేసుకున్న సిబ్బందిని తెలుగులోనే అడగవచ్చు. మళ్లీ ఉప్పల్‌లో దిగి హనుమకొండ బస్సు. విమానం సాయంత్రం దిగితే హనుమకొండ చేరేసరికి రాత్రి అవుతుంది, కాళేశ్వరం వైపు బస్సులు ఆపాటికి ఉండవు. ఆడపిల్ల ఒంటరిగా వస్తుంటే పొద్దున దిగే విమానమే చూడాలి, వంద రూపాయలు ఎక్కువైనా సరే. అప్పుడు పగటి వెలుతురు ఉండగానే కాళేశ్వరం చేరుతుంది. వంతెన మీద షేర్ ఆటో ఎక్కి సిరొంచ పోతుంది. అక్కడ జింగనూర్ బస్సు టైము ఎంతో, ఆ రోజు వస్తుందో రాదో, ముందు రోజే ఫోన్ చేసి కనుక్కున్నవాళ్లు ఇంట్లో ఒకరుండాలి.